చేటెడు తవుడు

కిందటివారం రత్తమ్మను ఆసుపత్రి వరండాలో డాక్టరు దొరసాని ఎదుట నిలబెట్టి వదిలేశాం. చదివిన మీకు రత్తమ్మ మీద ఒళ్ళు మండే ఉంటుంది. రాసిన నాకూ మండింది. ఆ మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు గానీ, ఈ వారం ఆమె వైపునుంచి కూడా కాస్త చూడాల్సి వస్తోంది.

దొరసాని అడిగింది కొండమీది కోతినేమీ కాదు. తన ఆసుపత్రిలో కొన్నేళ్ళుగా పనిచేస్తున్న తవిటమ్మకు మద్రాసులో వైద్యం చదువుకోవడానికి చోటు దొరికింది. రాజమండ్రి రేవులో చేపలమ్ముకునే ఇంటి పిల్ల మెట్రిక్యులేషన్ గట్టెక్కడమే ఆ రోజుల్లో ఒక వింత. ఇక డాక్టరు చదువంటే విన్నవాళ్ళెవరూ నమ్మలేదు. దొరసాని తనే వెంటబెట్టుకుని, ధవళేశ్వరం లాకుల దగ్గర పడవెక్కించి కాలువ మీద కాకినాడకీ, అక్కడినుంచి పొగ ఓడలో మద్రాసుకీ తీసుకెళ్తానంది. రేపు ఎవరైనా వచ్చి, పిల్లను ఎత్తుకుపోయారనీ, మతంలో కలిపేసుకున్నారనీ అల్లరి చెయ్యకుండా, కన్నతల్లి నలుగురి ముందూ ఒక్క మాట అనాలంది. "ఇది నా కూతురు, నా ఇష్టంతోనే పంపుతున్నాను." అంతే.

రత్తమ్మ నేల చూపులు చూస్తూ, "నా కూతురు కాదండి. పురిట్లోనే అమ్మేశానండి" అంది.

దొరసానిది అసలే తెల్లటి ముఖం. అమ్మేశానన్న మాట వినేసరికి అందులో ఉన్న ఆ కాస్త రంగూ పోయింది. ఆడపిల్లల్ని అమ్ముకునేవాళ్ళ సంగతులు ఆమె చాలానే విని ఉంది. కాంపౌండరు ఏసుపాదం అడ్డుపడి, ఇది ఆ అమ్మకం కాదండీ అని విడమరిచి చెప్పాడు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతూ ఉంటే, ఆ తర్వాత పుట్టినదాన్ని చేటలో పడుకోబెట్టి, పిల్లలు దక్కిన మరో ఇల్లాలికి తవుడుకి అమ్మేస్తారు. యముడొచ్చి రత్తమ్మ బిడ్డ ఏదని వెతికితే, అక్కడ రత్తమ్మ బిడ్డంటూ ఉండదు. పెంపకం మాత్రం కన్నతల్లి దగ్గరే. తవుడుకి అమ్మారు కాబట్టే పిల్ల పేరు తవిటమ్మ. పెళ్ళీడు వచ్చేసరికి చేటెడు తవుడు తిరిగిచ్చి మళ్ళీ కొనేసుకుంటారు.

"అయితే ఆటే కదా! ఆట చాలించి ఆ మాట చెప్పమనండి" అంది దొరసాని.

రత్తమ్మ చెప్పలేదు. గురువారం తెల్లవారకుండానే పడవ. బుధవారం దీపాలు పెట్టే వేళ దాకా చూస్తాననీ, ఆ తర్వాత తన దారి తనదేననీ చెప్పి దొరసాని లోపలికి వెళ్ళిపోయింది.

ఇవాళ బుధవారం.

*

పొద్దుటినుంచీ ఒకటే ముసురు. గోదావరి ఎర్రబడి ఒడ్డు కోసుకుంటూ పారుతోంది. గట్టుమీది గుడిసెలో తవిటమ్మ రేకు పెట్టె ముందేసుకుని, వెళ్తుందో లేదో తెలియని ప్రయాణానికి బట్టలు సర్దుతోంది. పిచ్చిపని అని తనకీ తెలుసు. చేతులు ఖాళీగా ఉంటే ఏడుపు వస్తుందని చేస్తోంది.

చీరలు కుంకుడుకాయ రసంలో నానబెట్టి ఉతికింది. ఎండ లేక పొయ్యి సెగకి ఆరబెట్టింది. ఆరాక ముఖానికి ఆనించుకుని చూస్తే చేపల వాసన అలాగే ఉంది. ఉందో, తన ముక్కుకే అలా అనిపిస్తోందో తెలియలేదు. మద్రాసు బసలో బ్రాహ్మణ పిల్లలకి ఒక పొయ్యి, కిరస్తానీ పిల్లలకి ఒక పొయ్యి ఉన్నాయట. చేపలవాళ్ళ పిల్ల ఏ పొయ్యి దగ్గర కూర్చోవాలో దొరసాని చెప్పలేదు, ఆమెకి ఆ ఆలోచనే తట్టలేదు. నెలసరి గుడ్డలు ఎక్కడ ఉతుక్కోవాలి, ఎక్కడ ఆరేసుకోవాలి? అడగబోయి సిగ్గుపడి ఊరుకుంది. అరవం ఒక్క ముక్క రాదు. నీళ్ళని "తణ్ణి" అంటారని ఏసుపాదం దగ్గర నేర్చుకుంది. దాహం తీరుతుంది సరే, మిగతా కష్టాలు ఏ భాషలో చెప్పుకోవాలి? ఓడలో కడుపు తిప్పుతుందని ఎవరో అంటే నిమ్మకాయ ఊరగాయ మూట కట్టుకుంది. తరతరాలుగా నీళ్ళమీద బతికిన ఇంట పుట్టి, సముద్రమంటే భయంగా ఉందని ఎవరితో అనగలదు? అన్నిటికన్నా మించి, అక్కడ పీనుగుల్ని కోసి చూపిస్తారట. "చేప కడుపు కోసిన చెయ్యే కదండీ, పర్లేదు" అని ఏసుపాదం ధైర్యం చెప్పాడు. ఆయన చెప్పిన ధైర్యానికి ఆ పూట అన్నం సహించలేదు.

నిన్నటినుంచి నడుమూ కీళ్ళూ లాగుతున్నాయి. ముసురు పట్టిందిగా, అందుకే అనుకుంది.

ఈ బాధలన్నీ వెళ్ళేవాళ్ళ బాధలు. తను అసలు వెళ్ళేదెలా? ఒక్క దారి మిగిలింది. తవుడుకి తనని కొనుక్కున్న పెద్దింట్లమ్మ పట్టిసీమలో ఉంది. ఆవిడ వచ్చి పిల్లను తిరిగి ఇచ్చేస్తే రత్తమ్మ నోరు తెరవచ్చు. రత్తమ్మకు చెప్పకుండా, పడవ నడిపే బుల్లియ్యను బతిమాలి నిన్న పొద్దున్నే కబురు పంపింది. వరదకి ఎదురు పడవ పోదు. పాపం బుల్లియ్య గట్టు వెంట కాలినడకన వెళ్ళాడు. వస్తాడో రాడో, ఆవిడ వస్తుందో రాదో.

మధ్యాహ్నమవుతుండగా రత్తమ్మ ఖాళీ తట్టతో లోపలికి వచ్చింది. తల మీద గోనెసంచి తీసి మూల పడేసి పెట్టెకేసి చూసింది.

"ఎందుకే సర్దుతున్నావు?"

"ఊరికే, అత్తా."

అత్తా అన్నది పొరపాటు కాదు. తవిటమ్మకు మాటలొచ్చినప్పుడు మొదట నేర్పిన పిలుపు అదే. అమ్మా అనబోతే రత్తమ్మ నోరు నొక్కేసేది. ఎవరైనా నీ కూతురా అని అడిగితే, "పట్టిసీమ పెద్దింట్లమ్మ పిల్లండి, నా దగ్గరుంటోందండి" అనేది. తలంటు పోసేది, జడ వేసేది, తను పస్తుండి పిల్లకు పెట్టేది. ఒళ్ళోకి మాత్రం ఎప్పుడూ తీసుకోలేదు. తనంటే ఈ మనిషికి ఇష్టం లేదని తవిటమ్మ చిన్నప్పుడే నిశ్చయించుకుంది. ఇంత చదువు చదివినా ఆ నిశ్చయం మారలేదు.

"ఒక్కటి అడుగుతాను. నన్ను కన్నావా, లేదా?"

"కన్నాను."

"అయితే ఆ మాటే అక్కడ చెప్పు."

"చెప్పను."

"నేను వెళ్ళడం నీకు ఇష్టం లేదా?"

"ఇష్టం లేకపోతే పొద్దున్నే లేపి బడికి ఎందుకు తోలాను? రేవులో అందరూ నవ్వుతుంటే ఎందుకు ఊరుకున్నాను?" రత్తమ్మ తడి కొంగు పిండుకుంది. "నీ ముందు నలుగురు పుట్టారే. నా కొడుకు, నా కూతురు అని మురిసి చచ్చాను. వారం తిరక్కుండా దవడలు బిగుసుకుపోయి, పాలు పట్టలేక, విల్లులా వంగిపోయి పోయారు. నలుగురూ అంతే. నిన్ను అమ్మేశాను. అది ఆటంటది దొరసాని. ఆటైతే ఆ యముడికి తెలిసిపోదేంటే? అందుకే పెద్దింట్లమ్మ ఇచ్చిన తవుడు తడిపి, రొట్టె కాల్చుకుని తిన్నాను. పచ్చి బాలింతని. గొంతు దిగకపోయినా తిన్నాను. అమ్మకమంటే అమ్మకంలాగే ఉండాలని."

"మరి తిరిగి ఎందుకు కొనుక్కోలేదు?"

"భయమేసి. ఈ ఏడు, పై ఏడు అంటా దాటేశాను. నువ్వు నాదానివి కాకపోతే పోనీ, కళ్ళముందు తిరుగుతుంటే చాలనుకున్నాను."

ఇన్నేళ్ళూ తనమీద ప్రేమ లేదనుకున్న మనిషి, ఆ ప్రేమని దొంగసొమ్ములా దాచుకుని బతికిందని తవిటమ్మకు ఆ క్షణాన తెలిసింది. అక్కడే కాళ్ళు పట్టుకుని ఏడ్చి ఉంటే బాగుండేది. నాకైతే అలాగే రాయాలని ఉంది. కానీ దీపాలు పెట్టే వేళ దగ్గర పడుతోంది. పైగా చదువుకున్న పిల్ల, తెలిసిన సంగతి కడుపులో దాచుకోలేకపోయింది.

"యముడూ కాదు, ఎవడూ కాదత్తా. దవడలు బిగుసుకుపోయాయంటే అది ధనుర్వాతం. మురికి కత్తితో బొడ్డు కోస్తే పురిటి పిల్లలకి వస్తుంది. ఆసుపత్రిలో ఎంతమందిని చూశానో! వాళ్ళని చంపింది బొడ్డు కోసిన కత్తి. నువ్వు అనే మాటకీ చావుకీ ఏ సంబంధమూ లేదు."

ఈ మాటతో భయం పోతుందనుకుంది. రత్తమ్మ తట్ట పక్కన పడి ఉన్న చేపల కత్తికేసి చూసింది.

"ఆ కత్తేనే" అంది.

"ఏంటి?"

"నలుగురికీ నేనే కోసుకున్నాను. మీ నాన్న వేటకెళ్ళేవాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. నీకు పెద్దింట్లమ్మ కోసింది. కొనుక్కున్నది ఆవిడే కాబట్టి బొడ్డూ ఆవిడే కొయ్యాలని, కొత్త వెదురుబద్ద చీల్చి తెచ్చింది."

బయట వాన జోరు పెరిగింది.

"అయితే నలుగుర్నీ నేనే చంపుకున్నానంటావా తవిటీ?"

కాదని అబద్ధమాడదామన్నా ఆలస్యమైపోయింది. తోటి మనుషుల ప్రాణాలు కాపాడడానికి నేర్చుకున్న చదువు, మొట్టమొదట తన తల్లి గుండెలోనే దిగింది. వెళ్ళి ఆ మనిషిని పట్టుకోవాలనిపించింది. ఆ ఇంట్లో ఒకరినొకరు ముట్టుకుని ఓదార్చుకునే అలవాటు లేదు. చేతులు ఎలా చాపాలో తెలియక అలాగే కూర్చుండిపోయింది.

"నాకు తెలియక అన్నానత్తా..."

"తెలిసే అన్నావులే. చదువుకున్నావు కదా." రత్తమ్మ గొంతులో కోపం లేదు, అదే భరించలేకుండా ఉంది. "అయితే ఆ మాట మరీ అనను. ఇన్నాళ్ళూ యముణ్ణి తిట్టుకున్నాను. నా చెయ్యే అలాంటిదని తెలిశాక నిన్ను నాదని ఏ నోటితో అంటానే?"

తవిటమ్మ పెట్టె మూత వేసేసింది. ఒళ్ళు జలదరించింది. తడి నేల మీద కూర్చున్నందుకేమో అనుకుని చెంగు భుజాల నిండా కప్పుకుంది. మద్రాసు లేదు, చదువు లేదు. రేపటినుంచి ఈ గుడిసెలో, ఈ కత్తి పక్కన, ఈ మనిషి ముఖం చూస్తూ బతకాలి.

*

"ఒసే రత్తీ! చచ్చావా, బతికున్నావా?"

గుమ్మంలో పెద్దింట్లమ్మ నిలబడి ఉంది. ముసలిదే అయినా గొంతు మాత్రం రేవంతా వినిపిస్తుంది. నెత్తి నుంచి నీళ్ళు కారుతున్నాయి. చంకలో తాటాకు కప్పిన చేట. వెనకాల బుల్లియ్య చలికి వణుకుతూ ఉన్నాడు. వరద నీటిలో పట్టిసీమ నుంచి పడవ వదిలి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారిద్దరూ.

"ఈ వరదలో ఎలా వచ్చావు వదినా?" అంది రత్తమ్మ తెల్లబోయి.

"ఎలా వచ్చానో బుల్లియ్యనడుగు. దారి పొడుగునా నన్ను తిడతానే ఉన్నాడు. నా పిల్ల రమ్మంటే రానా?"

తవిటమ్మ గబగబా లేచి కాళ్ళకు దండం పెట్టింది. ముసలామె సంగతంతా వింది. కత్తి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. విని, చేట తెచ్చి రత్తమ్మ ముందు పెట్టింది. అందులో కొత్త తవుడు.

"పడవ దిగాక దంపుడు పాకలో అడిగి తెచ్చాను. ఇది నీదనుకో. నీ చేత్తో నాకియ్యి, నీ పిల్లని నువ్వు తీసుకో."

రత్తమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. "వద్దు వదినా. నీ దగ్గరే ఉండనీ. నీ చెయ్యి మంచిది."

"నా దగ్గర ఎన్నాళ్ళుంటదే?" పెద్దింట్లమ్మ ఎదురుగా చతికిలబడింది. అరుపు తగ్గించింది. "రాత్రి దగ్గొస్తే తెల్లారేదాకా ఊపిరాడట్లేదు. పై వరద చూస్తానో లేదో. నేను పోయాక ఇదెవరి పిల్ల? చచ్చినదాని పిల్ల అవ్వదా? అప్పుడు ఆయనకి వెతుక్కునే పనే ఉండదు, నా వెనకాలే తీసుకుపోతాడు. బతికున్నదాని పేరు మీద ఉండాలే పిల్ల. బతికున్నది నువ్వు."

తవిటమ్మ ఇంగ్లీషులో చదివి నేర్చుకున్నదేదీ చెయ్యలేని పని ఆ మాట చేసింది. రత్తమ్మ కళ్ళెత్తి ముసలామెను చూసింది. మునిగేవాళ్ళు గట్టు మీది మనిషిని చూసే చూపు అది. కాసేపటికి చేట మీదికి చేతులు చాపింది.

ఇరవయ్యేళ్ళ మనిషి చేటలో ఎక్కడ పడుతుంది? కాలి బొటనవేలు చేటకి ఆనించి నిలబడమంది పెద్దింట్లమ్మ. వేరే రోజయితే ముగ్గురూ నవ్వేవాళ్ళే. రత్తమ్మ చేట ఎత్తి ఇచ్చేటప్పుడు అది ఒరిగి సగం తవుడు నేలపాలైంది. పెద్దింట్లమ్మ మిగిలింది కొంగులో పోసుకుని, "నాకు ముట్టింది. నా పిల్ల కాదిక, నీ పిల్ల" అంది. అని, ముఖం అటు తిప్పుకుని ముక్కు చీదుకుంది. ఇన్నేళ్ళుగా ఎవరెవరికో తన పిల్లని చెప్పుకుని మురిసిన మనిషి ఆవిడ కూడా.

"ఇక పదండి, పొద్దుపోతోంది" అంది.

*

ఆసుపత్రి దారిలో తవిటమ్మకు పళ్ళు టకటకలాడడం మొదలుపెట్టాయి.

మొదట వాన చలి అనుకుంది. తర్వాత వాన తగ్గింది, వణుకు తగ్గలేదు. వెన్ను మీదుగా చల్లటి నీళ్ళు పోసినట్టయి, ఆ వెంటనే కళ్ళలోంచి ఆవిర్లు వస్తున్నాయి. ఇలాంటి రోగుల్ని ఎందర్ని పడుకోబెట్టి దుప్పట్లు కప్పింది! అది చలిజ్వరం. ఈ ముసురు రోజుల్లో ఆ గట్టున సగం ఊరు దానితోనే మూలుగుతోంది. ఎప్పుడో ఒంట్లో చేరింది, నిన్ననే లోపలినుంచి చెబుతోంది, తను వినిపించుకోలేదు. తవుడుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇదంతా తవిటమ్మకు తెలుసు.

రత్తమ్మకు ఎవరు చెబుతారు? పిల్లను తనదని చేతిలోకి తీసుకున్న గంటకే జ్వరం వచ్చిందంటే, ఏ డాక్టరు నచ్చచెబితే నమ్ముతుంది? కత్తి సంగతి చెప్పి చేసిన పుణ్యం చాలదా? పైగా జ్వరం ఉన్నవాళ్ళని కాకినాడ రేవులో ఓడ ఎక్కనివ్వరు. దొరసాని చెయ్యి పట్టుకుని చూసిందంటే చాలు, పెట్టె వెనక్కి తీసుకుపొమ్మంటుంది. ఒక్క రాత్రి గడవాలి. ఎవరూ తనని ముట్టుకోకుండా ఒక్క రాత్రి గడిస్తే, పడవలో క్వినైను మింగి ఏదో ఒకటి చెయ్యచ్చు. తవిటమ్మ పళ్ళ మధ్య చెంగు ఇరికించుకుని నడిచింది.

వరండాలో ఏసుపాదం దీపం వెలిగించడానికి అగ్గిపుల్ల తీశాడు. వీళ్ళను చూసి ఆగిపోయి దొరసానిని పిలిచాడు. ఆమె వచ్చింది. నర్సులు ఇద్దరు వచ్చారు. మందు కోసం వచ్చినవాళ్ళూ చుట్టూ చేరారు.

"చెప్పు రత్తమ్మా. ఈమె ఎవరు?"

రత్తమ్మ వెనక్కి తిరిగి పెద్దింట్లమ్మను చూసింది. ముసలామె తలూపింది. రత్తమ్మ తల మీది కొంగు సరిచేసుకుంది.

"నా కూతురండి" అంది. "నేను కన్న కూతురండి. నా ఇష్టంతోనే పంపుతున్నానండి."

అన్నాక ఆకాశం కూలలేదు. ఎవరి దవడలూ బిగుసుకుపోలేదు. రత్తమ్మ కొంచెంసేపు అలా నిలబడి, ఏమీ జరగలేదని తనకు తనే నమ్మకం కలిగించుకుని, ఇంకోసారి అంది. ఈసారి దొరసానికి కాదు, చుట్టూ ఉన్న వాళ్ళకి. "నా కూతురేనండి. తవిటమ్మ. డాక్టరు చదువుకెళ్తోందండి." ఆ ముఖంలో అంత వెలుగు తవిటమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

దొరసాని నవ్వి, తెల్లవారకముందే లాకుల దగ్గరికి రమ్మని చెప్పింది. ఏసుపాదం దీపం వెలిగించాడు.

రత్తమ్మ కూతురి వైపు తిరిగింది. రెండు చేతులూ చాచింది. చాచడం అలవాటు లేని చేతులు, ఎంత ఎత్తులో చాచాలో తెలియక గాలిలో అటూ ఇటూ అయ్యాయి.

"రా అమ్మా. ఒక్కసారి రా. ఇప్పుడు నాదానివే కదా, ఎవరికి భయం? అమ్మా అని పిలువు."

పుట్టినప్పటినుంచి తవిటమ్మ మనసులో కోరుకోని రోజు లేదు ఈ చేతుల్ని. నాలుగడుగులు వేస్తే అందుతాయి. ఒళ్ళు నిప్పులా కాలిపోతోంది. ఆ చేతులు తనమీద పడిన మరుక్షణం ఆ ముఖంలో వెలుగు ఏమవుతుందో ఆమెకు తెలుసు.

తవిటమ్మ వెనక్కి జరిగింది.

"వద్దత్తా" అంది. "నన్ను ముట్టుకోకు."

రత్తమ్మ చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చదువుకున్న పిల్లకి తల్లి ఒంటి చేపల వాసన పడదు కాబోలు అని ఎవరో గొణిగారు. ఆ మాట రత్తమ్మకు వినిపించింది. తవిటమ్మకూ వినిపించింది. కాదని చెప్పడానికి నోరు తెరిస్తే పళ్ళు టకటకలాడతాయి.

ఇంకాస్త వెనక్కి జరిగింది. అక్కడ, తన వెనకాలే పెద్దింట్లమ్మ నిలబడి ఉందన్న సంగతి మరిచిపోయింది.

"అదేంటే, కన్నతల్లిని ముట్టుకోవద్దంటావా?" అంటూ ముసలామె మందలింపుగా ఆమె మెడ మీద చెయ్యి వేసింది. ఆ చల్లని చెయ్యి, కాలిపోతున్న ఆ మెడ మీద వేసినచోటే ఆగిపోయింది.